మైనా మీద మీ అభిప్రాయం

"ఈ ప్రోగ్రాం రాసినవాడికి కళ్ళు లేవేమో!"

నాగేంద్రబాబు ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో టైపు చేసి, చివర మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టాడు. కసి తీరలేదు. నాలుగోది కూడా పెట్టి పంపేశాడు.

రెండువేల సంవత్సరం, ఆగస్టు నెల. కోడూరులో మేనమామ తాతారావు పెట్టిన ల్యాబులో నాగేంద్ర పనిచేస్తున్నాడు. వాళ్ళది పాలకాయతిప్పలో సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. తాతారావు మాత్రం పడవ వదిలేసి రొయ్యల చెరువులు తవ్వాడు. చుట్టుపక్కల రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు తెస్తే, నాగేంద్ర పరీక్ష చేసి ఉప్పెంత ఉందో, ప్రాణవాయువు ఎంత ఉందో చెబుతాడు. ల్యాబులో ఒక కంప్యూటరు, ఒక ఫోను.

ఆ కంప్యూటర్లోనే అతనికి ఒక వింత లోకం దొరికింది. రొయ్యల పెంపకం మీద ఒక న్యూస్‌గ్రూపు. అంటే ఊరందరికీ కలిపి ఒకటే ఉత్తరాల పెట్టె ఉన్నట్టు. కాకపోతే ఇక్కడ ఊరంటే ప్రపంచం. ఎవరైనా ఒక ప్రశ్న రాసి అందులో పడేస్తే థాయిలాండులోనో ఈక్వడార్‌లోనో ఉన్న ఇంకో రైతు చదివి జవాబు రాస్తాడు.

వాటిని చదవడానికి 'మైనా' అనే ప్రోగ్రాం ఉచితంగా దొరికింది. ఫోను కలిపి, ఉత్తరాలన్నీ గబగబా తెచ్చేసి, ఫోను పెట్టేస్తుంది. తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. అంతవరకూ బంగారం. దాని మొహం మాత్రం నాగేంద్రకి నచ్చేది కాదు. బొమ్మ అన్నది లేదు. బూడిదరంగు తెర మీద వరసగా ఇంగ్లీషు మాటలు, అంతే. 'పోస్ట్' అన్న మాట కిందే 'పర్జ్' అన్న మాట. మొదటిది ఉత్తరం పంపడానికి, రెండోది ఉన్నవన్నీ పారెయ్యడానికి.

ఆ పొద్దున అతను పోస్ట్ నొక్కబోయి పర్జ్ నొక్కాడు. ఒక్క ప్రశ్నయినా అడగకుండా మైనా రెండువందల పైచిలుకు ఉత్తరాల్ని మాయం చేసింది. అందులో ఒకటి థాయిలాండు నుంచి వచ్చిన జవాబు. పక్క చెరువుల్లో రొయ్యలకి తెల్లమచ్చ తెగులు తగిలింది, మా చెరువులకి రాకుండా ఏం చెయ్యాలి అని నాగేంద్ర అడిగిన ప్రశ్నకి జవాబు. సగం కూడా చదవలేదు.

ప్రోగ్రాం చివర ఒక లైను ఉంది. 'మైనా ఇంటర్‌ఫేస్ మీద మీ అభిప్రాయం ఈ గ్రూపులో రాయండి.' రాశాడు మరి!

మర్నాడు జవాబు వచ్చింది.

'రాసినవాడి సంగతి నాకు తెలీదు. రాసినదానికి మాత్రం రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి. మీ ఉత్తరాలు ఎక్కడికీ పోలేదు. పర్జ్ వాటిని జాబితాలోంచే తీసేస్తుంది, ఫైలులో అలాగే ఉంటాయి. ఇకమీదట మైనాని ముట్టుకోకుండా ఆ ఫైలు నాకు చేరిస్తే తీసిస్తాను. ఇట్లు, దీవెన, ఈడేపల్లి, మచిలీపట్నం.'

నాగేంద్ర చివరి లైను మళ్ళీ చదివాడు. మళ్ళీ చదివాడు. ఏ జర్మనీ వాళ్ళో, ఏ అమెరికా వాళ్ళో రాశారనుకున్నాడు. మైనా అన్నది కూడా ఇంగ్లీషు మాటే అనుకున్నాడు.

"ఏంట్రా, దెయ్యం పట్టినోడిలా చూస్తున్నావు?" అన్నాడు తాతారావు.

"మావయ్యా, ఇది బందరులో చేశారంట."

"బందరులో లడ్డూ చేస్తారు గానీ కంప్యూటర్లు చేస్తారా?"

"చేసింది ఆడపిల్లంట."

తాతారావు మేనల్లుడి మొహం వంక ఒకసారి చూశాడు. "అయితే గెడ్డం గీసుకుని వెళ్ళు" అన్నాడు.

* * *

ఆ ఫైలు ఫోను లైను మీద వెళ్ళేది కాదు. ఐదు ఫ్లాపీల్లోకి ఎక్కించి, పాలిథిన్ కవర్లో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని నాగేంద్ర శనివారం బయల్దేరాడు. అవనిగడ్డలో బస్సు మారాడు. బందరు బస్టాండులో దిగేసరికి వాన. ఈడేపల్లిలో ఇల్లు వెతుక్కునేసరికి పైనుంచి కింద దాకా తడిసి ముద్దయ్యాడు.

తలుపు తీసిన అమ్మాయి అతన్ని చూడలేదు. అతని చొక్కా లోపల ఉబ్బెత్తుగా ఉన్న దాన్ని చూసింది.

"ఫ్లాపీలు తడవలేదు కదండీ?"

"నేను తడిశానండీ."

"మీరు ఆరతారు. అవి ఆరవు." చెయ్యి చాపింది.

కవరు అందుకున్నాక తలెత్తి చూసింది. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. కళ్ళు నిజంగానే బాగున్నాయి. ఆమె రాసిన మాట గుర్తొచ్చి, తను రాసినది కూడా గుర్తొచ్చి నాగేంద్ర తల దించుకున్నాడు.

లోపలి గదిలో ఎవరో మాట్లాడుతున్నారు. ఇంగ్లీషు. ముక్కుతో మాట్లాడినట్టు, ఊపిరి తీసుకోకుండా, ఒకటే పరుగు. క్రికెట్టు గురించి. మధ్యమధ్యలో ఒక పెద్దాయన గొంతు దాన్ని సరిదిద్దుతోంది.

"శ్రీనాథ్ అనాలిరా మొద్దూ. సీర్నెట్ ఏమిటి?"

నాగేంద్ర గుమ్మంలో నిలబడి చూశాడు. కంప్యూటరు ముందు ఒక పెద్దాయన కూర్చున్నారు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. తెర వెలుగుతోంది. ఆయన మాత్రం కిటికీ వైపు తిరిగి ఉన్నారు. చేతివేళ్ళు మాత్రం కీబోర్డు మీద కదులుతున్నాయి. ఒక మీట నొక్కితే గొంతు ఆగుతోంది, ఇంకోటి నొక్కితే తర్వాతి ఉత్తరం మొదలవుతోంది. మౌసు లేదు. తెర మీద బూడిదరంగు మైనా. బొమ్మల్లేవు. వరసగా మాటలు, అంతే.

నాగేంద్రకి అప్పుడు అర్థమైంది.

"మా నాన్నగారు, నతానియేలు మాస్టారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. ఆరేళ్ళ కిందట షుగరు వల్ల చూపు పోయింది" అంది దీవెన మెల్లిగా. "తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుంది. అది మాటల్ని చదవగలదు, బొమ్మల్ని చదవలేదు. అందుకే మైనాలో బొమ్మలు పెట్టలేదు."

"మాస్టారూ..." నాగేంద్ర ఒక అడుగు లోపలికి వేశాడు. "నేను రాసింది..."

"కోడూరు అబ్బాయివా? విన్నాను బాబూ. ఆ నాలుగు ఆశ్చర్యార్థకాల్నీ ఇది ఒక్కొక్కటే చదివింది. ఎక్స్‌క్లమేషన్, ఎక్స్‌క్లమేషన్ అని. చాలా కోపంగా ఉన్నావని తెలిసింది."

"క్షమించండి."

"ఎందుకు? రాసింది అమ్మాయి. దగ్గరుండి రాయించింది నేను. నాకు కళ్ళు లేవు. నువ్వన్నది సరిగ్గా సరిపోయింది." ఆయన హాయిగా నవ్వారు.

"కానీ మాస్టారూ, పారేసే ముందు ఒకసారి అడగాలి కదండీ? నిజంగా పారెయ్యమంటారా అని?"

"మిగతా ప్రోగ్రాములన్నీ అడుగుతాయి. ఆర్ యూ ష్యూర్ అని. కళ్ళున్నవాళ్ళకి అది రెప్పపాటు. నేను ఆ వాక్యం మొత్తం వినాలి. రోజుకి రెండొందల సార్లు! ముప్పై ఏళ్ళు పిల్లల చేత జవాబులు చెప్పించినవాణ్ణి, నన్ను పట్టుకుని 'నిజమేనా, నిజమేనా' అని అడుగుతుంటే ఎలా ఉంటుంది చెప్పు?"

దీవెన అప్పటికే ముందుగదిలో పాత కంప్యూటర్లో ఫ్లాపీలు పెడుతోంది. పావుగంట పట్టింది. బయట వాన, లోపల ఫ్లాపీ గరగర. తర్వాత తెర మీద ఉత్తరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. నీళ్ళలో మునిగిన వల మెల్లిగా లాగితే చేపలు మెరిసినట్టు.

"ఇదేనా మీ థాయిలాండు ఉత్తరం?"

నాగేంద్ర ఆ ఉత్తరం చూడాల్సింది. ఆమెని చూస్తూ ఉండిపోయాడు. బందరులో ఒక చిన్న ఇల్లు. పొద్దున ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరు పాఠాలు చెప్పి సాయంత్రాలు కూర్చుని ఈ అమ్మాయి చేసిన వస్తువు. దాన్ని ఎక్కడెక్కడి వాళ్ళో వాడుతున్నారు. గోడకున్న షెల్ఫులో ఒక ఫైలు కనిపించింది. అందులో మైనా మీద వచ్చిన అభిప్రాయాల ప్రింట్లు. నార్వే నుంచి ఒకాయన పొగిడాడు. బ్రెజిల్ నుంచి ఒకాయన తిట్టాడు. కెనడా నుంచి ఒక పెద్దావిడ రాసింది: 'మా ఆయనకి చూపు లేదు. ఇవాళ పక్కగదిలో ఒక్కడే కూర్చుని ఏదో చదువుకుని నవ్వాడు. ఆయన ఒంటరిగా చదువుకుని నవ్వడం నేను విని తొమ్మిదేళ్ళయింది.'

నాగేంద్ర దాన్ని మూసి మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు.

"మీ అభిప్రాయం కూడా అందులో ఉంది, చూశారా?" అంది దీవెన.

"చింపెయ్యండి."

"చింపను. అందరికంటే గట్టిగా తిట్టింది మీరే."

* * *

థాయిలాండు రైతు చెప్పింది చిన్న విషయమే. తెగులు పీతల మీద ఎక్కి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి వస్తుంది. గట్టు చుట్టూ వల కట్టండి, పక్క కాలవ నీళ్ళు వదలొద్దు. తాతారావు అదే రోజు వల దింపించాడు. నెల తిరిగేసరికి ఆ చుట్టుపక్కల తెల్లమచ్చ తగలనివి ఆయన చెరువులే.

"ఆ థాయిలాండాయన ఎవర్రా? మన రొయ్యకి ఒంట్లో బాగోలేదని ఆయనకెందుకు దిగులు?" అన్నాడు తాతారావు. చాలాసేపు గట్టు మీద అలా నిలబడే ఉన్నాడు. "ఒరేయ్, ఆ మిషను నేనే నొక్కుకునేలా చేయించరా. ప్రతిదానికీ నిన్ను బతిమాలలేను."

ఆయన చదివింది ఐదో తరగతి, అదీ తెలుగులో.

ఆ శనివారం నాగేంద్ర మళ్ళీ బందరు వెళ్ళాడు. ఆ తర్వాతి శనివారం కూడా. ఈసారి సంచీలో రెండు ఎండుచేపలు పెట్టి వాళ్ళమ్మ సూర్యకుమారి ఏమీ అడక్కుండా ఇచ్చింది.

కంప్యూటర్లో తెలుగు అక్షరాలు రావు. అయితే తెలుగు మాటని బొమ్మలా గీసి మీట మీద అతికించొచ్చు అంది దీవెన. ఒక్కొక్క చుక్కా పెట్టుకుంటూ తనే గీసింది. మొదటి మాట చూపించింది.

'సందేశములు స్వీకరించుము.'

నాగేంద్ర నవ్వు ఆపుకోలేకపోయాడు. "మా మావయ్య ఇది చూస్తే కోర్టు నోటీసు అనుకుంటాడండీ."

"మరేం రాయాలి?"

"ఉత్తరాలు తెప్పించు."

"జవాబు?"

"జవాబు రాయి. అంతే."

"డిస్కనెక్ట్ అన్నదానికి చాలా ఆలోచించాను. 'సంబంధము తెంచుకొనుము'."

"అమ్మో! అంత మాట వద్దండీ. 'ఫోను పెట్టెయ్' చాలు."

దీవెన నవ్వింది. ఆమె నవ్వు చూసి నాగేంద్ర తను చెప్పబోయే తర్వాతి మాట మర్చిపోయాడు. లోపలి గదిలో క్రికెట్టు గొంతు కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

మిగతా వారమంతా, గ్రూపులో కాకుండా మైనాలోనే ఇద్దరి మధ్య విడిగా ఉత్తరాలు నడిచేవి. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవారు. మొదట్లో మీటల గురించి. తర్వాత కోడూరులో గాలి ఎలా ఉంది, బందరులో వాన పడిందా అని. ఒకరోజు నాగేంద్ర, 'ఇక్కడ వాన. మీరు గుర్తొచ్చారు' అని రాసి, పంపాలా వద్దా అని ఆలోచిస్తూ పొరపాటున పంపేశాడు. మైనా ఏమీ అడగలేదు. రెండు రోజులకి జవాబు వచ్చింది. 'ఇక్కడా వానే.' అంతే రాసింది. నాగేంద్ర ఆ రెండు మాటల్నీ వారం పాటు చదువుకున్నాడు.

అక్టోబరులో తెలుగు మీటల మైనా బయటికి వచ్చింది. ఐదో రోజున దీవెన ల్యాబుకి ఫోను చేసింది. గొంతు బరువుగా ఉంది.

"కెనడా ఆవిడ రాశారు. కొత్తది పెట్టాక వాళ్ళాయనకి ఏ మీట మీదికెళ్ళినా 'గ్రాఫిక్, గ్రాఫిక్' అని తప్ప ఇంకేం వినబడటం లేదంట. మానేశారంట. మా నాన్నగారు కూడా..."

"మాస్టారు ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. మూడు రోజులుగా కంప్యూటరు జోలికి వెళ్ళలేదు. పర్లేదమ్మా, రైతులకి పనికొస్తుంది కదా అన్నారు. తెలుగు మాట గీస్తున్నాననుకున్నాను గానీ, అదీ బొమ్మేనని మర్చిపోయాను. మీ మాట విని నేను ఆయన చేతిలోంచి మైనాని లాక్కున్నానండీ!"

ఫోను పెట్టేసింది.

నాగేంద్ర ఆ రోజు నీళ్ళు పరీక్ష చెయ్యలేకపోయాడు. తాతారావుకి చదువుకోవడానికి మాట కావాలి. మాస్టారికి వినడానికి మాట కావాలి. ఒకరికిస్తే ఇంకొకరికి పోతుందా? బల్ల మీద వరసగా నీళ్ళ సీసాలున్నాయి. పక్కన రైతులు అంటించిన చీటీల్లో పేర్లు తెలుగులో, పైన మూత మీద అతను రాసుకున్న గుర్తులు ఇంగ్లీషులో. ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకుంటారు. చూస్తూ చూస్తూ లేచి, మధ్యాహ్నం బస్సు ఎక్కాడు.

తలుపు తీసిన దీవెన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తిడితే తర్వాత తిట్టండి" అన్నాడు గుమ్మంలోనే. "పైన తెలుగు బొమ్మ ఉండనివ్వండి. దాని వెనకాల ఇంగ్లీషు మాట దాచలేరా? కంటికి ఒకటి, చెవికి ఒకటి."

దీవెన ఒక్క క్షణం అతని వంకే చూసింది. మంచినీళ్ళు కావాలా అని కూడా అడక్కుండా వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. సాయంత్రం ఐదయ్యేసరికి మొదటి మీటకి మాట దొరికింది. ఆరింటికి అన్నిటికీ. పారేసిన ఉత్తరాలు వారం రోజులు ఒక బుట్టలో ఉండేలా కూడా చేసింది. ముందు అడగనక్కర్లేదు, తర్వాత కావాలంటే తెచ్చుకోవచ్చు. అది మాస్టారి ఆలోచన.

ఆయన వచ్చి కూర్చుని మీట నొక్కారు. గొంతు పరుగెత్తింది. మూడు రోజుల క్రికెట్టు మొత్తం ఒక్కసారి వరదలా వచ్చిపడింది.

దీవెన తండ్రి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత నాగేంద్ర వైపు తిరిగి, "భోజనం చేసి వెళ్ళండి" అంది.

* * *

నవంబరులో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, తండ్రీకూతుళ్ళు కోడూరు వచ్చారు. ల్యాబు ముందు నలభైమంది రైతులు. తాతారావు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. చూపుడువేలు చాపి, తెర మీది మాటని కూడబలుక్కున్నాడు.

"ఉత్తరాలు... తెప్పించు." వెనక్కి తిరిగాడు. "ఒరేయ్, ఇది తెలుగురా! కంప్యూటరు తెలుగులో ఉందిరా!"

నొక్కాడు. ఫోను కూసింది. ఒకటొకటిగా థాయిలాండు, ఈక్వడార్, ఇండొనేషియా నుంచి ఉత్తరాలు దిగాయి. వెనకున్నవాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు. ఏభై ఏళ్ళ గంగాధరరావు అనే రైతు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఉత్తరాలు మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి. దానికీ ఉపాయం దొరికింది. చదివి వినిపించే ప్రోగ్రాంని దీవెన ఆ కంప్యూటర్లోనూ ఎక్కించింది. మిషను చదువుతుంటే మాస్టారు వింటూ, ఆపుతూ, తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. ఆరేళ్ళ తర్వాత ఆయన ముందు మళ్ళీ ఒక తరగతి కూర్చుంది. గొంతు మారిపోయింది. వీపు నిటారుగా లేచింది. రైతులు ప్రశ్నలు వేస్తున్నారు. ఆయన "వెనకాల మాట్లాడేదెవరు?" అని గద్దించారు కూడా.

దీవెన అది చూడలేక బయటికి వచ్చేసింది. నాగేంద్ర వెనకే వెళ్ళాడు. చెరువు గట్టు మీద సన్నగా జల్లు. నీళ్ళ మీద వేల చుక్కలు.

"ఏడుస్తున్నారా?"

"వాన."

"దీవెన గారూ. మీరు చేసినదాన్ని చూస్తే నాకు సముద్రం చూసినట్టు ఉంటుంది. మాట రాదు. అయినా చెప్పాలి. మీరంటే నాకిష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె నీళ్ళ వంకే చూస్తూ అంది, "నన్ను చూడ్డానికి ఇద్దరు వచ్చారు. నాన్నగారు అన్నం తింటుంటే మొహం తిప్పుకున్నారు ఇద్దరూ. మీరు మాత్రం మొదటిరోజు గుమ్మంలో నిలబడి ఆయన వేళ్ళు చూశారు." కొంగు తల మీదికి లాక్కుంది. "నాకిష్టమే. వెళ్ళి ఆయన్ని అడగండి. గుళ్ళూ చర్చీలూ అంటే ఏమంటారో నాకు తెలీదు."

పాఠం ముగిసేదాకా నాగేంద్ర గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తర్వాత దగ్గరికెళ్ళి, గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, మీకొక విషయం చెప్పాలి. నేనూ, దీవెన గారూ..."

"వానపడితే గుర్తొస్తుందనేగా?"

నాగేంద్ర నోరు తెరిచాడు. దీవెన మొహం కందగడ్డలా ఎర్రబడింది. "నాన్నా!"

"నేనేం చేసేది? ఫోను తగిలించింది ఒక్క నా కంప్యూటరుకే. మైనా తెరిస్తే ఆ మిషను ఏది ముందుంటే అది చదువుతుంది. 'మీరూ గుర్తోచరూ' అని ముక్కుతో. మొదటి రెండూ పొరపాటున విన్నానమ్మా." ఆయన కాస్త ఆగారు. "మిగతావి కావాలనే విన్నాను. ఆ ఉచ్చారణతో ప్రేమ వినడం ఎంత కష్టమో మీకు తెలీదు."

తాతారావు పగలబడి నవ్వాడు. రైతులంతా నవ్వారు. నాగేంద్ర మాత్రం నవ్వలేదు.

"మాస్టారూ, మావాళ్ళు గంగమ్మకి మొక్కుతారు. మీరు..."

"మేం ప్రార్థన చేసుకుంటాం. తెలుసు బాబూ. మీ అమ్మగారు పోయిన నెల ఎండుచేపలు తీసుకుని మా ఇంటికి వచ్చారు. నీకు చెప్పలేదా? ఆవిడా నేనూ రెండు గంటలు వాదించుకున్నాం. తాళి కట్టాలి అన్నారు ఆవిడ. ప్రార్థన చెయ్యాలి అన్నాను నేను. చివరికి రెండూ చెయ్యొచ్చని తేల్చుకున్నాం. మీరిద్దరూ ఎప్పుడు చెబుతారా అని అప్పట్నుంచి ఎదురుచూస్తున్నాం."

ఆయన చెయ్యి చాపారు. నాగేంద్ర ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని వంగాడు. పెద్దాయన అతని తల మీద చెయ్యి ఉంచి కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. నలభైమంది లేచి నిలబడ్డారు. దీవెన వచ్చి నాగేంద్ర పక్కనే వంగింది.

ప్రార్థన అయ్యాక తాతారావు భోజనాలకి రమ్మని అందర్నీ కేకేశాడు.